లెసోతో కొండలకు సువార్త కొత్త కాదు

సంఘాల వాట్సాప్ గ్రూపుల్లో ఒక పిలుపు తరచూ తిరుగుతోంది. దాని సారాంశం ఇది: ఆఫ్రికా కొండల్లో యేసు పేరు వినని ఊళ్లు ఎన్నో ఉన్నాయి. అక్కడి పాస్టర్లకు వాక్యం సరిగా తెలియదు. పదిమంది జట్టు రెండు వారాలు వెళ్లి, బట్టలూ మిఠాయిలూ పంచి, స్వస్థత కూటాలు పెట్టి, పాస్టర్ చేతిలో కొన్ని డాలర్లు పెడితే ఒక కొండ మొత్తం మారిపోతుంది. ఇది చదివి దాచుకున్న సొమ్ము తీసి ఇచ్చేవాళ్లున్నారు. వాళ్ల భక్తి నిజమైనది. కాబట్టే వాళ్లకు నిజం చెప్పాలి. ఈ మాటల్ని ఒక్కొక్కటే తీసి, అసలైన ఒక కొండదేశం పక్కన పెట్టి చూద్దాం.

ఆ దేశం లెసోతో. చుట్టూరా దక్షిణాఫ్రికాయే. దేశంలో అన్నిటికన్నా పల్లపు చోటు కూడా సముద్రమట్టానికి 1,400 మీటర్ల ఎత్తున ఉంటుంది. మలూటీ కొండల్లోని మొఖోట్లాంగ్, సెమొంకాంగ్ వైపు ఇప్పటికీ చాలా ఊళ్లకు కాలిబాటే, గుర్రం బాటే.

“యేసు పేరు వినని ఊళ్లు” అన్నది మొదటి మాట. 1833లో పారిస్ సువార్త మిషన్ తరఫున యూజీన్ కజాలిస్, థామస్ అర్బూసే, గోస్సెలిన్ అనే ముగ్గురు ఈ నేలమీద అడుగుపెట్టారు. వాళ్లను కోరుకున్నవాడు రాజు మొష్వేష్వే. ఆడం క్రోట్జ్ అనే గ్రిక్వా జాతి క్రైస్తవుడి నోట మిషనరీల సంగతి విని, ఒకరిని తన దగ్గరకు రప్పించుకోవడానికి పశువుల మందను ఎదురు పంపాడు. ఆ మందను దారిలో దోపిడీగాళ్లు తోలుకుపోయారు. పిలుపూ ఖర్చూ ఆ కొండ రాజువే అన్నమాట. వచ్చినవాళ్లు కట్టిన మొదటి కేంద్రానికి బైబిల్లోని మోరీయా కొండ పేరే పెట్టారు. 1855లో అక్కడి వాళ్ల సెసోతో భాషలో కొత్త నిబంధన, 1881లో పూర్తి బైబిలు అచ్చయ్యాయి. 1863లో అడోల్ఫ్ మాబీయ్ ‘లెసెలిన్యానా’ పత్రిక మొదలుపెట్టాడు. ఆ పేరుకు చిన్న వెలుగు అని అర్థం. కథోలికులు 1862లోనే వచ్చారు. 1877లో ఫ్రాన్స్వా కొయ్యార్ ఉత్తరాన జాంబెజీ దిశగా బయలుదేరినప్పుడు బసోతో (లెసోతో ప్రజల పేరు అదే) సువార్తికులు వెంట నడిచారు. దేశానికి 1966లో స్వాతంత్ర్యం వస్తే, మిషన్ నాటిన సంఘం 1964లోనే సొంత పాలనలోకి వచ్చింది. ఇవి సువార్తను బయటికి పంపిన కొండలు.

మన వైపు నుంచి ఒక పాత దారి కూడా ఇక్కడ గుర్తుచేసుకోవాలి. 1903లో తెలుగు బాప్టిస్టులు నెల్లూరు నుంచి జాన్ రంగయ్యను ఈ కొండలకు తూర్పున, దక్షిణాఫ్రికాలో ఉన్న నాటాల్‌కు పంపారు. ఆయన చెరకు, తేయాకు తోటల్లో కూలికి వెళ్లిన తెలుగువాళ్ల మధ్య పనిచేశాడు. భాష తెలుసు, వెళ్లి అక్కడే ఉన్నాడు. రెండు వారాల జట్టుకు ఆ రెండూ లేవు.

బైబిళ్లు తీసుకెళ్దామనుకునేవాళ్లు ఒకటి గమనించాలి. లెసోతోలో సెసోతో రాసే పద్ధతి వేరు, దక్షిణాఫ్రికాలో వేరు. ఒకే పలుకును లెసోతోలో ఎల్ అక్షరంతో, దక్షిణాఫ్రికాలో డి అక్షరంతో రాస్తారు. పైగా పాత అనువాదం, 1989 నాటి అనువాదం రెండూ వాడుకలో ఉన్నాయి. జొహానెస్‌బర్గ్‌లో పెట్టెలకొద్దీ కొనేముందు ఏ లిపి పద్ధతి, ఏ అనువాదం కావాలో పాస్టర్‌ను అడగాలి. అడగకుండా తెస్తే ఆ పెట్టెలు మూలన పడతాయి, ఎందుకంటే సంఘమంతా కలిసి చదివేది వేరే పాఠం.

“పాస్టర్లకు వాక్యం తెలియదు” అన్నది రెండో మాట. మొరూతి అంటే అక్కడ అభిషిక్తుడైన కాపరి. ఆయన కింద ప్రధాన సంఘం ఒకటి, కొండల్లో చెదిరిన శాఖా సంఘాలు అనేకం ఉంటాయి. ఆయన ఒక చోట ఉన్న ఆదివారం మిగతా చోట్ల పెద్దలు, సువార్తికులు ఆరాధన నడుపుతారు. కొరత బోధలో లేదు, దూరంలో ఉంది. పట్నంలో మూడు రోజుల సెమినార్ పెట్టి ఆయన్ను కిందికి పిలిపిస్తే రాకపోకలతో వారం పోతుంది. ఆ వారం శాఖా సంఘాలు కాపరి లేకుండా ఉంటాయి. ఆయన వెళ్లే దారినే ఆయన వెంట వెళ్లాలి. మీ ప్రసంగాల పట్టిక పక్కన పెట్టి, ఆ నెల సంఘంలో ఏ భాగం చదువుతున్నారో అడిగి అందులోంచి మాట్లాడాలి. తర్జుమాతో ఇరవై నిమిషాల మాట నలభై అవుతుంది. తెలుగు నుంచి ఇంగ్లీషుకు, అక్కణ్నుంచి సెసోతోకు మారేటప్పుడు సామెతలూ శ్లేషలూ రాలిపోతాయి, పొట్టి వాక్యాలే నిలుస్తాయి. తర్జుమాకు ఆతిథ్యమిచ్చే పాస్టర్‌నే నిలబెట్టకండి. మీరు తప్పు చెప్పినా మర్యాదకు దాన్ని సర్ది చెప్తారు, మీకు తెలియనే తెలియదు.

“పదిమంది జట్టు” అన్న మాటే అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేస్తుంది. ఒక ఇంటి లెక్క చూడండి. గుండ్రటి రాతి గోడలు, గడ్డి కప్పు, పేడా మట్టీ కలిపి అలికిన నేల. అతిథికి ఆ ఇల్లు వదిలి ఇంటివాళ్లు ఇంకో గదిలో సర్దుకుంటారు. వంటకూ తాగడానికీ కడుక్కోవడానికీ మనిషికి రోజుకు 15 లీటర్లు అనుకున్నా పదిమందికి 150 లీటర్లు. ఊటబావి నుంచి 20 లీటర్ల బకెట్ తలమీద పెట్టుకుని ఇంటి ఆడవాళ్లు ఎనిమిది సార్లు ఎక్కిదిగాలి. చెట్లు తక్కువ కాబట్టి పొయ్యిలోకి ‘లీసు’ కావాలి. అవి మన పిడకల్లాంటివే, కాకపోతే చేత్తో తట్టినవి కావు. పశువుల దొడ్డిలో తొక్కుడుపడి గట్టిపడ్డ పేడను పారతో పలకలుగా కోసి ఎండబెడతారు. చలికాలానికి దాచుకున్న ఆ కుప్ప పదిమంది వంటకు రోజురోజుకీ కరిగిపోతుంది. పెట్టేది ‘పాపా’, అంటే మన సంగటిలా గట్టిగా కెలికిన తెల్ల మొక్కజొన్న ముద్ద, పక్కన ఆకుకూర. అతిథి వచ్చాడని కోడినీ కోస్తారు, వద్దన్నా వినరు. అందుకే ఇద్దరు, మహా అయితే ముగ్గురు వెళ్లాలి. ఒక ఇంట్లో రెండు రాత్రులకు మించి ఉండకూడదు. పిండి, నూనె, పంచదార, ఉప్పు, అగ్గిపెట్టెలు మీరే కొని ముందే ఇంటి పెద్దావిడ చేతికివ్వాలి. గుర్రానికీ దారి చూపినవాడికీ ఊళ్లో నడిచే ధర ముందే మాట్లాడుకుని ఇవ్వాలి.

గుర్రం సంగతి కూడా లెక్కతోనే. దాని బరువులో అయిదో వంతుకు మించి మోయించకూడదు, అందులో మనిషి, జీను, మూట మూడూ కలిపే. బసోతో గుర్రం పొట్టిది. కాబట్టి మనిషికి 8 కిలోల సామాను, మెత్తని సంచుల్లో, రెండు వైపులా సమంగా. ఒక పక్క బరువెక్కితే జీను జారి గుర్రం వీపు ఒరుసుకుని పుండవుతుంది. అక్కడి ఎండాకాలపు (అప్పుడు మనకు చలికాలం) వానలు ఎక్కువగా మధ్యాహ్నం దాటాక, పిడుగులతో పడతాయి. తెల్లవారగానే బయలుదేరి, మబ్బు పట్టేలోపు గట్టు దిగిపోవాలి. వాన వెలిశాక వాగు పొంగితే తగ్గేదాకా ఆగడమే. జూన్ నుంచి ఆగస్టు వరకు మంచు పడుతుంది. చలికి తాళలేక మూసిన గదిలో కుంపటి పెట్టుకుని నిద్రపోతే విషవాయువుతో ప్రాణం పోతుంది. ఇంకోటి, దక్షిణాఫ్రికా వీసా ఒక్కసారి ప్రవేశానికే ఉంటే లెసోతో నుంచి తిరిగి రాలేరు, బయటికి వేరే దారి లేదు. రెండు దేశాల వీసాలూ చూసుకోవాలి.

ఊళ్లో అడుగుపెట్టగానే మొదట మొరేనా, అంటే ఊరి పెద్ద దగ్గరికి వెళ్లాలి. తర్వాతే పాస్టర్ ఇల్లు. గుమ్మం ముందు ఆగి “కోకో” అని పిలిచి, లోపలినుంచి పలికేదాకా బయటే నిలబడాలి. పెద్దవాళ్లను మనం అయ్యగారు, అమ్మగారు అన్నట్టు మగవాళ్లను ‘న్తాతే’, ఆడవాళ్లను ‘మ్మే’ అనాలి. ఇచ్చేదైనా పుచ్చుకునేదైనా రెండు చేతులతో. ఇంటి ముందు కర్రకు తెల్లజెండా కనిపిస్తే అది ప్రార్థనా స్థలమని లోపలికి వెళ్లకండి, అక్కడ ఇంట్లో కాచిన జొన్న బీరు అమ్ముతారని గుర్తు.

ఆ ఇళ్లలో తరచూ నాయనమ్మలూ మనవలే ఉంటారు. మగవాళ్లు తరతరాలుగా దక్షిణాఫ్రికా గనులకు వెళ్లారు, ఆడవాళ్లు రాజధాని మసేరులోని బట్టల ఫ్యాక్టరీలకు వెళ్తున్నారు, కొందరిని హెచ్‌ఐవీ తీసుకుపోయింది. మగపిల్లలు మందలతో పైకొండల పశువుల మకాముల్లో నెలలు గడుపుతారు. “నాన్న ఎక్కడ?” అని పిల్లల్ని అడగకండి. వాళ్లు చెప్పేదాకా ఆగండి.

స్వస్థత కూటాల గురించి నిక్కచ్చిగా చెప్పాలి. లెసోతోలో పెద్దవాళ్లలో ఇంచుమించు అయిదుగురిలో ఒకరికి హెచ్‌ఐవీ ఉంది, క్షయ కూడా చాలా ఎక్కువ. “నమ్మితే మాత్రలు అక్కర్లేదు” అన్న ఒక్క మాట మనుషుల్ని చంపుతుంది. మాత్రలు మానితే వైరస్ మళ్లీ పెరుగుతుంది, పాత మందుకు లొంగకుండా పోవచ్చు. ప్రార్థన చేయండి, ఆ ప్రార్థనలోనే మాత్రలు వేళకు వేసుకునే బలం అడగండి. బ్యాగులో మందులు తీసుకెళ్లి పంచవద్దు. ఎవరి జబ్బూ మైకులో చెప్పవద్దు, పిల్లల ఫోటోలు పెట్టవద్దు.

ఇక బట్టలు, మిఠాయిలు, డాలర్లు. కొండమీద డాలరు మార్చే చోటే లేదు. అక్కడ నడిచేవి మలోటీ, వాటికి సమాన విలువగల దక్షిణాఫ్రికా రాండ్లు, ఫోన్‌లో సొమ్ము పంపుకునే ఎం-పెసా. పదిమందిలో నలుగురికి బట్టలిస్తే మీరు వెళ్లాక ఆ తగువు తీర్చేది పాస్టరే. మిఠాయికి అలవాటుపడ్డ పిల్లలు ప్రతి పరాయి మనిషి వెంటా చేయి చాచి పరుగెడతారు. కానుకను పాస్టర్ జేబులో కాక, కోశాధికారి చేతిలో పెద్దల ముందు పెట్టి రసీదు తీసుకోవాలి. గుట్టుగా ఇచ్చిన సొమ్ము ఎంతని ఊరు రెట్టింపు ఊహించుకుంటుంది, ఆయన మాట పలచనవుతుంది. నెలజీతం మొదలుపెట్టి రెండేళ్లకు ఆపేస్తే ఇంకా నష్టం, ఎందుకంటే ఈలోగా సంఘం తన కాపరిని పోషించే అలవాటు వదులుకుంటుంది. ఏదైనా తీసుకెళ్లాలని ఉంటే ప్లస్ 1.5 నుంచి 3 వరకు చదువు కళ్లజోళ్లు తీసుకెళ్లండి. ముసలావిడ పాటల పుస్తకాన్ని మూరెడు దూరంలో పట్టుకుని, ఏ అద్దంతో అక్షరం కుదురుగా కనబడిందో అదే ఆమెకివ్వండి.

1910లో ఎడిన్‌బరో మిషనరీ మహాసభలో మన దోర్నకల్లులో పనిచేస్తున్న వి. ఎస్. అజరయ్య పాశ్చాత్య మిషనరీలను ఎదురుగా నిలబడి అడిగాడు: మీరు ఆస్తులిచ్చారు, ప్రాణాలిచ్చారు, మాకు స్నేహితుల్ని ఇవ్వండి అని. అప్పుడు అడిగినవాళ్లం మనం. ఇప్పుడు వెళ్లేవాళ్లం మనమే, ఆ మాట మనకే వర్తిస్తుంది.

“రెండు వారాల్లో కొండ మారిపోతుంది” అన్న చివరి మాటకు వస్తే, ఆ రెండు వారాల్లో రెండు శనివారాలుంటాయి. అక్కడ అంత్యక్రియలు ఎక్కువగా శనివారం చేస్తారు, ముందురాత్రి జాగారం ఉంటుంది. ఆ రోజున కూటం పెడితే పాస్టర్ దుఃఖంలో ఉన్న ఇంటికీ మీ బ్యానరుకూ మధ్య నలిగిపోతాడు. శనివారం ఖాళీగా వదలండి. చావు జరిగిన ఇల్లుంటే ఆయన వెంట వెళ్లి, దుప్పటి కప్పుకుని మగవాళ్లు కూర్చున్న చోట కూర్చోండి. ప్రసంగం ఎవరూ అడగరు. మట్టి వేసేటప్పుడు పార మీ చేతికి వస్తే, నాలుగు పారలు వేసి పక్కవాడికి అందించండి.