యాభై డాలర్ల కార్డు, యాభై ఆరు డాలర్ల బిల్లు

మేనకోడలి గ్రాడ్యుయేషన్‌కి ఇక్కడ అమెరికాలో 50 డాలర్ల గిఫ్ట్ కార్డు కొన్నాను. కౌంటర్ దగ్గర ఇంకో 5.95 యాక్టివేషన్ ఫీజట! నా డబ్బు నేను ఇచ్చుకోవడానికి కూడా ఫీజేంటి? సరే, పోనీ.

పిల్ల 40 డాలర్లు వాడి, కార్డుని డ్రాయర్లో పడేసి మర్చిపోయింది. ఏడాది దాటాక చూస్తే నెలనెలా కోత! 2009 నాటి చట్టమే 12 నెలలు ముట్టుకోకపోతే నెలకో ఫీజు వేసుకోనిచ్చిందట. కార్డు వెనక రాశారులెండి, చీమ తలకాయంత అక్షరాల్లో! నా కళ్ళజోడుకే అందలేదు. మిగిలిన 1.37 డాలర్లని ఏ షాపులో గీకాలి? వెనక లైన్లో వాళ్ళ చూపులెవరు భరిస్తారు?

"క్యాష్ ఇచ్చేస్తే పోయేదిగా మామయ్యా" అంది. నిజమే. మా అమ్మమ్మ కవర్లో పెట్టిన నూటపదహార్లు ఎన్నేళ్ళు దాచినా నూటపదహార్లే.