ఎనిమిది వేసినవాడే యోగ్యుడు

బండి లైసెన్సు పరీక్ష అంటే ఈ మధ్య అందరికీ లోకువైపోయింది. ఖాళీ మైదానంలో ఎనిమిది వేయించి రోడ్డు మీదికి వదిలేస్తారా అని వెటకారం చేస్తున్నారు. ఇలా మాట్లాడేవాళ్లెవరూ కాలు నేలకు ఆనకుండా ఎనిమిది వేసినవాళ్లు కారని నా అనుమానం. నేను వేశాను. నలభై రెండో ఏట, మూడో ప్రయత్నంలో వేశాను. కనుక ఆ పరీక్ష తరఫున నాలుగు మాటలు చెప్పే అర్హత నాకుందని సవినయంగా మనవి చేస్తున్నాను.

మన చట్టం ఎంత ముందుచూపుతో రాశారో తెలియాలంటే ఎల్‌ఎల్‌ఆర్, అంటే నేర్చుకునేవాడికిచ్చే తాత్కాలిక లైసెన్సు దగ్గర మొదలుపెట్టాలి. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల ప్రకారం, నేర్చుకునేవాడి వెంట లైసెన్సున్న శిక్షకుడు ఉండాలి. ఊరికే ఉంటే చాలదు, బండిని అదుపు చేయడానికో ఆపడానికో వీలైన చోట కూర్చోవాలి. మోటారు సైకిలు మీద ఆ చోటు ఎక్కడుందో నిబంధన చెప్పలేదు. ఎల్ అక్షరం మాత్రం తెల్లటి పలక మీద ఎర్రగా, పది సెంటీమీటర్ల ఎత్తుకు తగ్గకుండా ఉండాలని చెప్పింది. నా శిక్షకుడు మా మేనల్లుడు. ముందు బ్రేకు నా కుడిచేతి కింద, వెనక బ్రేకు నా కుడికాలి కింద ఉండగా, వెనక సీటులో వాడికి మిగిలినవి రెండే సాధనాలు: వాడి నోరు, నా చొక్కా కాలరు. వాడు రెండూ ధారాళంగా వాడాడు. "ఆపు మావయ్యా!" అని కాలరు పట్టి లాగినప్పుడల్లా నా ఊపిరి ఆగేది, బండి ఆగేది కాదు.

ఎల్‌ఎల్‌ఆర్ కోసం కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి ఇరవై ప్రశ్నలు అడుగుతారు. పన్నెండు సరిగ్గా చెబితే నెగ్గినట్టే. అంటే ఎనిమిది తప్పులు మన్నిస్తారు. ఎనిమిది మహిమ నాకు మొదట అక్కడే కనిపించింది. నలభై దాటినవాణ్ని కాబట్టి డాక్టరు ధ్రువపత్రం కూడా కావలసి వచ్చింది. పిల్లలెంతమంది అని అడిగి ఆయన సంతకం పెట్టారు. కంటిచూపు సంగతి అడగలేదు. ఆయన గది వెతుక్కుంటూ మూడో అంతస్తుకు వచ్చానంటే కళ్లు బాగున్నట్టే కదా.

నెల గడిచాక పరీక్షకు వెళ్లాను. వచ్చినవాళ్లలో సగం మంది ఊరికి ఆ చివర నుంచి, లారీల మధ్య దూరి, ఒంటరిగా బండి నడుపుకుంటూ వచ్చారు. తమకు బండి నడపడం వచ్చో రాదో తేల్చుకోవడానికి! లైసెన్సు లేకుండా నడిపితే 2019 సవరణ తర్వాత జరిమానా ఐదు వేలు. ఆ భయంతోనే కాబోలు, గేటు పక్క జిరాక్స్ కొట్లో ఎర్ర ఎల్ అక్షరాల కాగితాలు ఇడ్లీల కంటే వేగంగా అమ్ముడుపోతున్నాయి. ఇక ఏజెంట్లు అద్దెకిచ్చే బండ్ల సంగతి. వాటికి హారన్ లేకపోయినా ఎనిమిది మాత్రం కంఠతా వచ్చు. పగ్గం పట్టుకుంటే చాలు, గానుగెద్దులా అవే తిరుగుతాయి.

నేను అభిమానవంతుణ్ని కనుక సొంత బండి మీదే వెళ్లాను. ఎనిమిది నడుము దగ్గర ఎడమకాలు నేలను పలకరించింది. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ గారు తలెత్తకుండానే "తర్వాత" అన్నారు. తప్పినవాడు ఏడు రోజులు ఆగి మళ్లీ రావచ్చు. మూడుసార్లు తప్పితే మాత్రం అరవై రోజులు ఆగాలి. రెండోసారి ఇంజన్ ఆగిపోయింది. ఇక లాభం లేదని మా ఆవిడ కాలనీ ఖాళీ స్థలంలో ముగ్గుపిండితో పెద్ద ఎనిమిది గీసి, అలవాటు కొద్దీ చుట్టూ చుక్కలు కూడా పెట్టింది. మర్నాడు పొద్దున అటు వచ్చినవాళ్లు చేతబడి అనుకుని నిమ్మకాయల కోసం వెతికారు. ఆ ముగ్గు చెరిగిపోయేదాకా తిరిగాను, నెగ్గాను.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఎనిమిదే ఎందుకు? తొమ్మిదో, నాలుగో వేయించవచ్చు కదా? ఇది తెలియాలంటే, ఎనిమిది మంది పెట్టే పరీక్షలను ఒక్కడే ఒకేసారి తట్టుకునే అష్టావధానం ఒక్కసారైనా చూసి ఉండాలి. మన రోడ్డు మీద బండి నడపడం అంతకు తక్కువేమీ కాదు. వన్‌వేలో ఎదురొచ్చే ఆటో సమస్యాపూరణం. ఎక్కడికక్కడ వెలసిన 'ఇటు తిరగరాదు' బోర్డులు నిషిద్ధాక్షరి. పచ్చదీపం వెలగకముందే వెనక మొదలయ్యే హారన్లు ఘంటాగణనం. ముందు వెళ్లే టిప్పరు నుంచి రాలి హెల్మెట్‌కు తగిలే కంకరను లెక్కపెట్టుకోవడం పుష్పగణనం. పక్కబండివాడి నోట అప్పటికప్పుడు పుట్టేది ఆశువు. వెనక కూర్చుని "ఆ కొట్లో చీరలు చూశారా?" అని అడగడం అప్రస్తుత ప్రసంగం. ఇన్నిటి మధ్య ధారణ తప్పకూడదు, గుంట ఎక్కడుందో నిన్నటి నుంచి గుర్తుపెట్టుకోవాలి. పైగా నిన్నటి గుంట ఇవాళ అక్కడ ఉంటుందని నమ్మకం లేదు. ఇదంతా రాత్రిపూట, వానలో, ఎదుటి కారు దీపాలు కళ్లలో పడుతుండగా నిజంగానే పరీక్షించాలంటే ఏ ఇన్‌స్పెక్టరు తరం? అందుకని పెద్దలు ఎనిమిది అనే అంకె ఒక్కటి నేల మీద గీసి, మిగతాది అభ్యర్థి ఊహకు వదిలేశారు.

కిట్టనివాళ్లు ఊరుకోలేదు. 2021లో కేంద్రం గుర్తింపు పొందిన శిక్షణ కేంద్రాలకు నిబంధనలు తెచ్చింది. అక్కడ పద్ధతిగా నేర్చుకుని నెగ్గినవాడు మళ్లీ ఆర్టీవో ముందు బండి నడిపి చూపనక్కర్లేదట. ఇది ప్రమాదకరమైన ఆలోచన. నేర్చుకున్నవాడికి పరీక్ష ఎందుకని ఇవాళ అంటే, నేర్చుకోనివాడికి లైసెన్సు ఎందుకని రేపు అడగరా? అప్పుడు రోడ్ల మీద ఎవరు మిగులుతారు?

నా లైసెన్సు కార్డు పోస్టులో వచ్చింది. నా వయసువాళ్లకు పదేళ్లు చెల్లుతుంది. ఆ సాయంత్రమే మా ఆవిడను ఎక్కించుకుని బజారుకు బయల్దేరాను. నాలుగు రోడ్ల కూడలిలో ఎర్రదీపం పడింది. బండి ఆపి ఎడమకాలు నేల మీద పెట్టాను. పెట్టీ పెట్టగానే గుండె జారింది. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ గారు ఎక్కడైనా చూశారేమోనని చుట్టూ చూశాను.