రోమియో జూలియట్‌లో అసలు పగ ఎవరిది?

రోమియో జూలియట్ అనగానే అందరికీ ప్రేమే గుర్తొస్తుంది గానీ నాటకం మొదలయ్యేది కొట్లాటతో, అదీ నౌకర్ల కొట్లాటతో. ఇటలీలోని వెరోనా వీధిలో కాపులెట్ ఇంటి పనివాడొకడు మాంటేగ్ వాళ్ళ మనుషుల్ని చూసి బొటనవేలు కొరికి రెచ్చగొడతాడు, అవును నిన్నే అంటే చట్టం మనవైపు ఉంటుందా అని పక్కోడిని మెల్లగా అడుగుతాడు, కాసేపటికే కత్తులు లేస్తాయి. అసలు ఈ రెండు కుటుంబాలకి ఎక్కడ చెడిందో నాటకం మొత్తం వెతికినా దొరకదు, పాత పగ అంటాడంతే షేక్‌స్పియర్.

నన్ను ఆలోచనలో పడేసేది జూలియట్ తండ్రి, పెద్దాయన కాపులెట్. మా వయసు వాళ్ళకి గొడవల్లేకుండా ఉండటం ఏమంత కష్టం అని ఆయనే అంటాడు. ఆయన ఇంటి విందులో భార్య మేనల్లుడు టిబాల్ట్, మాంటేగ్ కొడుకు రోమియో గొంతు గుర్తుపట్టి కత్తి తెమ్మంటే, ఆ కుర్రాడికి ఊళ్ళో మంచి పేరుంది వదిలెయ్ అని అడ్డం పడతాడు కూడా. అంటే పెద్దాయనలో పగ దాదాపు చల్లారిపోయింది, ఇంక చాలు అని ముందుగా ఎవరు నోరు విప్పాలన్నదే సమస్య. ఈలోగా టిబాల్ట్ లాంటి కుర్రాళ్ళు దాన్ని ఆస్తిలా అందుకున్నారు, శాంతి అనే మాటంటేనే అసహ్యం అంటాడు వాడు.

మరి ప్రేమ దీన్ని ఆపుతుందా అంటే, ఫాదర్ లారెన్స్ లెక్క అదే, రోమియో జూలియట్‌లకి రహస్యంగా పెళ్ళి చేసేస్తే పగ కాస్తా ప్రేమైపోతుందని. తీరా పెళ్ళయిన గంటకి ఏం జరిగింది? టిబాల్ట్ ఇప్పుడు తనకి చుట్టం కాబట్టి రోమియో కొట్లాటకి దిగడు, అది పిరికితనం అనుకుని అతని స్నేహితుడు మెర్క్యూషియో దూకుతాడు, ఆపబోయిన రోమియో చెయ్యి కిందనుంచే టిబాల్ట్ కత్తి దింపుతాడు. మెర్క్యూషియో ఏ ఇంటివాడూ కాదు పాపం, రెండు ఇళ్ళనీ శపిస్తూ పోతాడు. వెంటనే రోమియో ఏమంటాడో చూడండి, జూలియట్ అందమే నన్ను మెత్తబరిచింది అని ఆమె మీదకే నెట్టి టిబాల్ట్‌ని చంపేస్తాడు. బాల్కనీ సీన్ గురించి అందరూ మాట్లాడతారు, ఈ మాట ఎందుకో ఎవరికీ పట్టదు.

ఇంకా దారుణం ఏంటంటే జూలియట్ మీద విరుచుకుపడేది శత్రువు కాదు, కన్నతండ్రి. ఆమెకింకా 14 నిండలేదు, తను చూసిన పెళ్ళికొడుకు పారిస్‌ని చేసుకోనంటే అడుక్కుతిను, వీధిలో పడి చావు అంటాడు. రోమియో సంగతి ఆయనకి తెలియనే తెలియదు, కాబట్టి ఇది మాంటేగ్‌ల మీద కోపం కూడా కాదు, కూతురు ఎదురు చెప్పిందన్న ఉక్రోషం అంతే. విందులో శత్రువు కొడుకు మీద చూపించిన ఓపిక సొంత బిడ్డ మీద లేకుండా పోయింది.

పైగా అంతా తొందరే. షేక్‌స్పియర్ ఆధారంగా తీసుకున్న ఆర్థర్ బ్రూక్ పద్యకథలో (1562) నెలల తరబడి నడిచే కథని ఆయన ఆదివారం నుంచి గురువారానికి కుదించేశాడు, ప్రేమకి గానీ పగకి గానీ ఒక్క రోజు ఆగి ఆలోచించే టైమ్ ఇవ్వలేదు.

చివర్లో రోమియో, జూలియట్ ఇద్దరూ చచ్చిపోయాక సమాధి దగ్గర వెరోనా రాజు అందరికీ శిక్ష పడిందంటాడు, చూసీచూడనట్టు వదిలేసిన తననీ కలుపుకునే. పెద్దలిద్దరూ చేతులు కలుపుతారు. మాంటేగ్ జూలియట్‌కి బంగారు విగ్రహం పెట్టిస్తానంటే, రోమియోకీ అంత గొప్పదే పక్కన పెట్టిస్తానంటాడు కాపులెట్. రాజీ అయితే కుదిరింది గానీ, పోటీ మాత్రం ఇంకా పోలేదనిపిస్తుంది నాకు.