నోబుల్ దొర బడి తలుపు

1843లో బందరులో రాబర్ట్ టర్లింగ్టన్ నోబుల్ పెట్టిన మిషన్ పాఠశాలను అందరినీ కలిపిన బడి అనవచ్చునా అన్నది ఇక్కడి వివాదం.

పూర్వపక్షి: కేంబ్రిడ్జిలో చదువుకున్నవాడు, 1841లో బందరు చేరి, పెళ్ళీ పెటాకులూ లేకుండా పిల్లలకు పాఠాలు చెబుతూ 1865లో ఇక్కడే కన్నుమూశాడు. బ్రాహ్మణులూ శూద్రులూ ముస్లిములూ ఒకే బడిలో చదివారంటే ఆ రోజుల్లో అది సామాన్యమైన సంగతి కాదు.

సిద్ధాంతి: కాదనను. అయితే మాల, మాదిగ వాడల పిల్లలను చేర్చుకోరాదన్న నియమం పెట్టినదీ ఆయనే. క్రైస్తవ సంఘంలో కులభేదం ఉండరాదని కలకత్తా బిషప్ డేనియల్ విల్సన్ 1833లోనే లేఖ రాశాడు. పదేళ్ళ తరువాత అదే ఆంగ్లికన్ సంఘపు గురువు బడి గుమ్మంలో నిలబడి కులం అడిగాడు.

పూర్వపక్షి: లేఖ రాయడం వేరు, బడి నడపడం వేరు. 1852లో ఇద్దరు విద్యార్థులు బాప్తిస్మం పుచ్చుకోగానే పట్టణం భగ్గుమని బడి ఖాళీ అయింది. అలాంటిది, మొదటి రోజే మాదిగ పిల్లవాణ్ణి బ్రాహ్మణ పిల్లవాడి పక్కన కూర్చోబెట్టి ఉంటే ఆ బడి నిలిచేదా?

సిద్ధాంతి: మీరు చెప్పిన 1852 మీ వాదాన్నే దెబ్బతీస్తున్నది. ఆ ఇద్దరికీ బాప్తిస్మం ఇస్తే తల్లిదండ్రులు పిల్లలను మాన్పిస్తారని నోబుల్‌కు తెలియదా? తెలిసీ ఇచ్చాడు, నష్టం భరించాడు, తిరిగి బడి నిలబెట్టాడు. అంటే బడి ఖాళీ అవుతుందన్న భయం ఆయనను కట్టిపడేయలేదు. మతం కోసం ఖాళీ చేసుకోగలిగినవాడు వాడల పిల్లల కోసం చేసుకోలేదు. ఒంగోలులో బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌకు ఇదే చిక్కు వచ్చింది. 1866లో అక్కడ స్థిరపడ్డాక ఆయన బడికి బ్రాహ్మణ పిల్లలు వచ్చారు. మాదిగలు సంఘంలో చేరవచ్చినప్పుడు, వారిని చేర్చుకుంటే మా దారి మాదేనని ఆ వర్గం తెగేసి చెప్పింది. క్లౌ మాదిగలను వదులుకోలేదు.

పూర్వపక్షి: బ్రాహ్మణ పిల్లలను వదులుకున్నాడు కదా! అక్కడా మిగిలింది ఒక వర్గమే. మరి కలిపిన బడి ఎక్కడ?

సిద్ధాంతి: ఆ మాటకు నా దగ్గర బదులు లేదు, ఆ తరంలో అది ఎవరికీ పూర్తిగా చేతకాలేదు.

పూర్వపక్షి: పైగా, ఇంగ్లీషు చదువు ఆశ చూపి పిల్లల మతం మార్చాడన్న నింద కూడా నోబుల్ మోయవలసి వచ్చింది.

సిద్ధాంతి: అది నింద ఎలా అవుతుంది? బడిలో బైబిలు పాఠం బాహాటంగానే సాగింది. చదువు కోసం పంపిన పెద్దలకు అది తెలియనిదా?

పూర్వపక్షి: తెలియడం వేరు, కొడుకును పోగొట్టుకోవడం వేరు. ఆ తల్లుల ఏడుపును మీరు లెక్కలోకి తీసుకోవడం లేదు.

సిద్ధాంతి: తీసుకుంటాను. కాని అసలు బడిలో అడుగే పెట్టనివ్వని పిల్లల తల్లులను కూడా ఆ లెక్కలో చేర్చండి. ఒంగోలు బడి నుంచి వెళ్ళినవారు తమంతట తాము వెళ్ళారు; బందరులో కాదన్నది ఉపాధ్యాయుడు.