ఏడిస్తే ఎన్ని మార్కులు?

కథలూ కవితలూ ఎక్కువ చదివితే పిల్లలు చేతికి రాకుండా పోతారన్న భయం మన పెద్దవాళ్లకే ఉందనుకునేవాణ్ణి. ఇంగ్లండ్ వాళ్లకూ ఉందని ఈమధ్యే తెలిసింది. కాకపోతే మనలా పుస్తకం లాక్కుని అటక మీద దాచడం వాళ్లకు చేతకాదు. అందుకని టీకా కనిపెట్టారు. దాని పేరు ఏ లెవెల్ ఇంగ్లిష్ లిటరేచర్. మన ఇంటర్ లాంటి రెండేళ్ల కోర్సు, కనీసం ఎనిమిది పుస్తకాలు. వాటిలో మూడు 1900కు ముందువి కావాలి, ఆ మూడింట్లో షేక్‌స్పియర్ తప్పనిసరి. 2000 తర్వాతది కూడా ఒకటి ఉండాలి. పద్దెనిమిదేళ్లు వచ్చేసరికి ఒంట్లో ఇంత మందు పడితే సాహిత్యం మళ్లీ దగ్గరికి రాదు.

మా అక్క కూతురు అక్కడే ఈ కోర్సు చదువుతోంది. మొన్న వాళ్లింటికి వెళ్లినప్పుడు దాని షేక్‌స్పియర్ నాటకం ‘ఒథెల్లో’ తిరగేశాను. పసుపు, గులాబీ, ఆకుపచ్చ, నీలం, నారింజ... తెల్ల కాగితం కోసం వెతుక్కోవాల్సి వచ్చింది.

“ఇదేంటే?”

“ఏఓలు మామయ్యా. అసెస్‌మెంట్ ఆబ్జెక్టివ్స్, అంటే మార్కులు వేసే కొలమానాలు. ఒక్కోదానికి ఒక్కో రంగు.”

తెలుగులో ‘ఏవో’ అంటే లెక్కా పత్రం లేనివి. వాళ్ల ఏఓలు మాత్రం కచ్చితంగా ఐదు. మొదటిది నీ సొంత స్పందన, రెండోది రచయిత పనితనం, మూడోది కాలమాన పరిస్థితులు, నాలుగోది ఇతర రచనలతో పోలిక, ఐదోది రకరకాల వ్యాఖ్యానాలు. మార్కులన్నీ వీటి మీదే. చదువుతుంటే గుండె బరువెక్కడం ఆరోది కావాలి. అది లేదు.

పుస్తకంలో రంగులు మరీ చిక్కగా పడ్డది ఒథెల్లో భార్య డెస్డిమోనా రుమాలు మీద. స్ట్రాబెర్రీ బొమ్మలు కుట్టిన గుడ్డముక్క. మార్జిన్‌లో చీమల్లాంటి అక్షరాలతో: పాతివ్రత్యానికి ప్రతీక, తొలిరాత్రి దుప్పటికి ప్రతీక, స్త్రీని ఆస్తిగా చూడటానికి ప్రతీక, తల్లి జ్ఞాపకానికి ప్రతీక. నాటకంలో అసలేం జరుగుతుందంటే, మొగుడికి తలనొప్పిగా ఉందంటే ఆ పిల్ల తలకు కట్టబోతుంది. అతను చిన్నదైపోయిందని విసుక్కుంటాడు. తలకే చాలని రుమాల్లో ఇన్ని అర్థాలు ఎలా మూటగట్టారో పరీక్షల బోర్డుకే తెలియాలి.

“చివర్లో ఆ అమ్మాయిని చంపేస్తుంటే నీకేమనిపించింది?” అని అడిగాను.

“ఏడ్చాను.”

“మరి అది రాయొచ్చుగా? మొదటి ఏఓ సొంత స్పందనేగా?”

నావంక జాలిగా చూసింది. “నేను ఏడ్చానని రాస్తే మార్కులు రావు మామయ్యా. ‘ప్రేక్షకుడు తీవ్రమైన కలవరానికి లోనవుతాడు’ అని రాయాలి.”

ఎంత గొప్ప ఏర్పాటో చూడండి. ఏడ్చేది మనం, కలవరం ఎవరో ప్రేక్షకుడిది. పైగా అతను క్లాసులో ఇరవై మంది తరఫునా ఒకే మాటల్లో కలవరపడతాడు.

రచయిత సంగతికొస్తే, రచనకు అర్థం చెప్పేది పాఠకుడేనని, రచయిత చచ్చిపోయాడని 1967లోనే ఫ్రెంచ్ విమర్శకుడు రోలాన్ బార్త్ ప్రకటించాడు. ఐదో ఏఓలో ఆ మాట రాస్తే మెచ్చుకుంటారు. మూడో ఏఓకు వచ్చేసరికి ఆయన్ను లేపి కూర్చోబెట్టి, ఏ కాలంలో పుట్టాడో, అప్పుడు ఆడవాళ్లకు ఆస్తిహక్కు ఉందో లేదో వాంగ్మూలం తీసుకోవాలి.

ఇక ఎప్పుడూ చూడని కవితను చేతిలో పెట్టి రాయమనే ప్రశ్న. 1920లలో ఐ.ఎ. రిచర్డ్స్ అనే అధ్యాపకుడు కేంబ్రిడ్జ్‌లో విద్యార్థులకు ఇలాగే కవుల పేర్లు తీసేసి కవితలు పంచి, ఏమనిపిస్తే అది రాయమన్నాడు. పేరు లేకపోయేసరికి జాన్ డన్ లాంటి పెద్ద కవి కవితనే తీసిపారేసినవాళ్లున్నారు. ఆ పాడు అలవాటు ఇప్పుడు పూర్తిగా పోయింది. ప్రశ్నపత్రంలో అచ్చయిన కవిత బాగోలేకపోవడమన్నది ఉండదు. తడబాటుంటే అది కావాలని పెట్టిన తడబాటు.

నాకు బాగా నచ్చింది మాత్రం ఇంగ్లిష్ కవి కీట్స్ వ్యవహారం. ఆయన 1817లో తమ్ముళ్లకు రాసిన ఉత్తరంలో ఒక మాటన్నాడు: అనిశ్చితిలో, సందేహంలో, ఇదమిత్థమని తేల్చుకోవాలనే తహతహ లేకుండా ఉండగలగడమే గొప్ప కవి లక్షణమని. మా పిల్ల దాన్ని ఫ్లాష్‌కార్డు మీద ఎక్కించి బట్టీ పట్టింది. పరీక్ష హాల్లో గడియారం చూసుకుంటూ, ఏ సందేహానికీ తావివ్వకుండా అదేమిటో తేల్చి చెప్పాలి. ఇరవై ఐదేళ్లకే పోయాడు కాబట్టి సరిపోయింది గానీ, బతికుంటే కీట్స్‌కు ఈ పేపర్లో బి గ్రేడే వచ్చేది.

అంతా సవ్యంగా నడుస్తోందనుకుంటుంటే నిన్న రాత్రి అక్క ఫోన్ చేసింది. గొంతులో టెన్షన్.

“ఒరేయ్, ఒంటిగంటకు లేచి చూస్తే దీని గదిలో లైటు వెలుగుతోంది. నవల చదువుతోందిరా.”

“చదవనీ. పరీక్షలు కదా.”

“సిలబస్‌లోది కాదురా! చేతిలో హైలైటర్ కూడా లేదు. పిలిస్తే పలకలేదు.”

కాసేపు నాకూ నోట మాట రాలేదు. తేరుకుని, కంగారు పడకు, పరీక్షలయ్యేలోపు తగ్గిపోతుందిలే అని ధైర్యం చెప్పాను. ఫోన్ పెట్టేయబోతూ ఆ నవల పేరేమిటో కూడా అడిగాను. కేవలం జాగ్రత్త కోసమే.