ఆ బిల్లు ఎవరు కట్టారు

అమెరికాలో మన తెలుగు సభల్లో యూత్ కోసం పెట్టే ప్రోగ్రాముల్లో ఎవరో ఒకరు స్టేజ్ ఎక్కి రిస్క్ చెయ్యండి, ఉన్నచోటే ఉండిపోకండి, కలల వెంట పడండి అని చెప్పడం, హాల్లో అందరం చప్పట్లు కొట్టడం మామూలే. నేనూ చాలా ఏళ్ళు కొట్టాను, మనస్ఫూర్తిగానే కొట్టాను. కానీ 2023లో పదిహేడేళ్ళ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వదిలేసి హైస్కూల్లో లెక్కల టీచర్‌గా చేరాక ఆ మాట విన్నప్పుడల్లా అందులో ఏదో ముక్క తప్పిపోయినట్టు అనిపిస్తోంది. ఆ రిస్కు ఎవరిది, దాన్ని మోస్తున్నది ఎవరు అన్న ముక్క. అది రాద్దామనే ఇవాళ కూర్చున్నా.

మా నాన్న జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కల మాస్టారు. నాకు ఊహ తెలిసినప్పట్నుంచీ మాస్టారు అవ్వాలనే ఉండేది, తలుపు వెనకాల సుద్దముక్కతో రాసి మా చెల్లిని కూర్చోబెట్టి పాఠం చెప్పేవాణ్ణి. ఇంటర్‌లో ఉండగా ఆ మాట పైకి అంటే నాన్న అన్నం కలుపుతున్న చెయ్యి ఆపేసి, "నాలా అవ్వకు నాన్నా, ఈ జీతం మీద ఇల్లు నడపడం ఎంత కష్టమో నీకు తెలీదు" అన్నారు. కోప్పడలేదు, గట్టిగా కూడా అనలేదు, అందుకే ఆ మాట అంత లోతుగా దిగిపోయింది. తర్వాతంతా అందరికీ తెలిసిన దారే, ఇంజనీరింగ్, హైదరాబాద్‌లో ఉద్యోగం, 2006లో హెచ్‌వన్, అంటే ఉద్యోగం వీసా, మీద డల్లాస్. పెళ్ళయ్యాక మా ఆవిడ 2008లో హెచ్‌ఫోర్, అంటే హెచ్‌వన్ వాళ్ళ భార్యకో భర్తకో ఇచ్చే వీసా, మీద వచ్చింది. ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ చేసి ఊళ్ళో డిగ్రీ కాలేజీలో పాఠాలు చెప్పే మనిషి.

కొత్తగా వచ్చినవాళ్ళకి ఇప్పుడు చెప్తే ఆశ్చర్యపోతారు గానీ అప్పట్లో హెచ్‌ఫోర్ వాళ్ళు పని చెయ్యడానికి వీల్లేదు, చదువు ఎంత ఉన్నా సరే. 2015 మే 26న ఆ రూల్ మారింది, అది కూడా అందరికీ కాదు, భర్తకో భార్యకో ఐ-140, అంటే గ్రీన్‌కార్డు కోసం కంపెనీ వేసే పిటిషన్, అప్రూవ్ అయి ఉండాలి, లేదా హెచ్‌వన్ ఆరేళ్ళ లిమిట్ దాటి ఎక్స్‌టెన్షన్ మీద ఉండాలి. మాకు ఐ-140 ఉంది కాబట్టి మొదటి నెలలోనే అప్లై చేశాం. ఈఏడీ, అంటే పని చేసుకోవచ్చని ఇచ్చే కార్డు, పోస్టులో వచ్చిన రోజు మా ఆవిడ కవర్ చింపి, కార్డు చేతిలో పట్టుకుని వంటింట్లో గట్టు దగ్గర అలాగే నిలబడిపోయింది. నేను కంగ్రాట్స్ అన్నా. తను ఏమీ అనలేదు. ఏడేళ్ళు ఇంట్లో కూర్చున్న మనిషికి ఆ కార్డు ఏంటో నాకప్పుడు సగం కూడా అర్థం కాలేదని ఇప్పుడు అనిపిస్తుంది.

గ్రీన్‌కార్డు సంగతి మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. ఉద్యోగాల మీద ఇచ్చేవి ఏడాదికి సుమారు లక్షా నలభై వేలు, అందులో ఏ ఒక్క దేశానికీ మామూలుగా 7 శాతం దాటకూడదు, ఇంత జనాభా ఉన్న మన దేశానికీ చిన్న చిన్న దేశాలకీ అదే లెక్క. అందుకే ఆ క్యూ. మన ఇళ్ళల్లో ప్రతి కలకీ ముందు "గ్రీన్‌కార్డు వచ్చాక" అన్న మాట తగిలించుకున్నాం, ఇల్లు కొనడం, బిజినెస్ పెట్టడం, అమ్మానాన్నల దగ్గర ఆర్నెల్లు ఉండి రావడం, అన్నీ వచ్చాకే. నా విషయంలో టీచర్ అవ్వడం. 2020 అక్టోబర్‌లో ఆ క్యూలో డేట్లు ఒక్కసారిగా ముందుకి దూకినప్పుడు ఐ-485, అంటే గ్రీన్‌కార్డు అప్లికేషన్, వేశాం, 2022లో కార్డులు వచ్చాయి.

కార్డు వచ్చిన వారం రోజులకి ఒక రాత్రి పిల్లలు పడుకున్నాక ధైర్యం చేసి చెప్పా, ఉద్యోగం మానేసి టీచర్ అవుదామనుకుంటున్నా అని. ఎన్నో ఏళ్ళుగా మనసులో రిహార్సల్ చేసుకున్న స్పీచ్ అది. జీవితం ఒక్కటే, మళ్ళీ రాదు, ఎప్పుడో ఒకప్పుడు రిస్క్ తీసుకోవాలి, అన్నీ చెప్పా. తను అంతా విని, "నువ్వు రిస్క్ తీసుకోవడం ఇది మొదటిసారి కాదు కదా, అమెరికా రావడం కూడా రిస్కే, మరి ఆ బిల్లు ఎవరు కట్టారు?" అని అడిగింది.

నా దగ్గర జవాబు లేదు. నిజంగా లేదు. ఎందుకంటే అప్పటిదాకా మా కథని నేను నా కథగానే చెప్పుకున్నా, రెండు సూట్‌కేసులతో దిగిన కుర్రాడు, ప్రాజెక్టు లేక బెంచ్ మీద గడిపిన నెలలు, లేఆఫ్ భయం, అన్నీ నావే. తన ఏడేళ్ళు ఆ కథలో ఒక లైన్, "అప్పుడు మా ఆవిడ హెచ్‌ఫోర్ మీద ఉండేది" అని. అంతే.

ఆ తర్వాత చాలా రోజులు నేను సైంటిస్టు యల్లాప్రగడ సుబ్బారావు గారి గురించి ఆలోచించా. మన సభల్లో ఆయన పేరు రాని సావనీర్, అంటే సభల సంచిక, ఉండదు, ఉండకూడదు కూడా, అంత గొప్పాయన. 1920ల మొదట్లో బోస్టన్‌లో దిగి, హాస్పిటల్లో నైట్ పోర్టర్‌గా పని చేస్తూ హార్వర్డ్‌లో చదివి, 1925లో ఫిస్క్ అనే సైంటిస్టుతో కలిసి ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి కనిపెట్టి, హార్వర్డ్‌లో శాశ్వత స్థానం దక్కకపోతే 1940లో లెడర్లీ మందుల కంపెనీకి వెళ్ళి అక్కడ ఫోలిక్ యాసిడ్ తయారుచేసే దారి, క్యాన్సర్‌కి మెథోట్రెక్సేట్, ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ లాంటివాటి వెనక నిలబడ్డ మనిషి. ఆయన పడ్డ కష్టం చదివితే కళ్ళు తడవకుండా ఉండవు. కానీ ఆయన ప్రయాణానికి మామగారి సాయం ఉంది, ఊళ్ళో భార్య శేషగిరి గారు ఉన్నారు, 1948లో ఆయన పోయేదాకా మళ్ళీ ఇండియా రాలేదు. సుమారు పాతికేళ్ళు. ఆవిడ ఆ పాతికేళ్ళు ఎలా గడిపారో మనం స్టేజ్ మీద ఎప్పుడైనా మాట్లాడుకున్నామా? ఆయన్ని తప్పు పట్టడానికి కాదు నేను అడిగేది, ఆ కాలం వేరు, ప్రయాణాలు వేరు, ఆయన చేసిన పని వల్ల బతికిన ప్రాణాలకి లెక్కే లేదు. ఆ గొప్ప పనిలో ఆవిడ వాటా కూడా ఉంది, ఆవిడ పేరు కూడా చెప్పుకుందాం అంటున్నా.

ఇంకో కథ కూడా మనకి తెలిసిందే, కానీ దాన్ని మనం రిస్కు కథగా చెప్పుకోం. సత్య నాదెళ్ళ గారు మైక్రోసాఫ్ట్ సీఈవో అయిన సంగతే చెప్పుకుంటాం. 1994లో ఆయనకి గ్రీన్‌కార్డు ఉంది, కానీ అప్పటి రూల్స్ ప్రకారం గ్రీన్‌కార్డు ఉన్నవాళ్ళ భార్య రావాలంటే ఏళ్ళ తరబడి ఆగాలి, అదే హెచ్‌వన్ అయితే భార్యని వెంట తెచ్చుకోవచ్చు. ఆయన ఢిల్లీలో అమెరికా ఎంబసీకి వెళ్ళి కార్డు వెనక్కిచ్చేసి హెచ్‌వన్ మీద వచ్చారు. ఈ సంగతి ఆయనే తన పుస్తకంలో రాసుకున్నారు. గ్రీన్‌కార్డు కోసం పదిహేనేళ్ళు ఎదురుచూసినవాణ్ణి నేను, దాన్ని చేత్తో తిరిగి ఇవ్వడం అంటే ఏంటో నాకు తెలుసు. ఆ రిస్కు బిల్లు ఆయనే కట్టుకున్నారు. నాకు ఆయన సీఈవో అవ్వడం కన్నా అదే పెద్ద విషయంగా కనిపిస్తుంది.

సరే, మా ఇంటికి వస్తా. మా ఆవిడ వద్దనలేదు. మర్నాడు పిల్లల స్కూల్ సామాన్లలోంచి ఒక స్పైరల్ నోట్‌బుక్ తీసి డైనింగ్ టేబుల్ మీద పెట్టి పేజీ మధ్యలో నిలువుగా గీత గీసింది. ఎడమ పక్క "ఏం పోతుంది", కుడి పక్క "ఎవరికి పోతుంది". ఆ రెండో కాలమ్ నాకు జన్మలో తట్టేది కాదు. మొదటి లైన్ హెల్త్ ఇన్సూరెన్స్. ఉద్యోగం మానేస్తే కోబ్రా అనే రూల్ మీద 18 నెలలు అదే ప్లాన్ ఉంచుకోవచ్చు గానీ కంపెనీ కట్టే వాటా కూడా మనమే కట్టాలి, పైన 2 శాతం ఖర్చులకి. అది కాకపోతే 30 రోజుల్లోపు తన ఆఫీస్ ప్లాన్‌లో అందరం చేరిపోవాలి. చేరాలంటే తను ఆ ఉద్యోగంలోనే ఉండాలి, నచ్చకపోయినా. కుడి కాలమ్‌లో తన పేరు. రెండో లైన్ జీతం, సగం కంటే తక్కువ, దాని పక్కన నలుగురి పేర్లూ. మూడోది సోషల్ సెక్యూరిటీ, అంటే ప్రభుత్వ పింఛను, టెక్సస్‌లో చాలా స్కూల్ డిస్ట్రిక్టుల్లో టీచర్ల జీతంలోంచి అది కట్ అవ్వదు, వేరే టీచర్ రిటైర్‌మెంట్ ఉంటుంది, కానీ ఆ పింఛనుకి కావలసిన, పదేళ్ళు పనిచేస్తే వచ్చే 40 క్రెడిట్లు నాకు ఎప్పుడో నిండిపోయాయి కాబట్టి ఆ లైన్ కొట్టేసింది. నాలుగోది ఇండియా ప్రయాణం, రెండేళ్ళకోసారి వెళ్ళేవాళ్ళం, నాలుగేళ్ళకోసారి అవుతుంది. దాని పక్కన తను మా నాన్న పేరు రాసింది, వాళ్ళ అమ్మ పేరు కూడా. చాలాసేపు ఆ లైన్ దగ్గరే ఆగిపోయాం.

ఆ నోట్‌బుక్ నాలుగు నెలలు టేబుల్ మీదే ఉంది. పెద్దది కూడా ఒక రోజు వచ్చి తన లైన్ తనే రాసుకుంది, ఎనిమిదో తరగతి సమ్మర్ క్యాంపు, పక్కన తన పేరు, పక్కనే "పర్లేదు" అని. ఆ "పర్లేదు" చూసి నాకు గొంతు పట్టేసింది. రిస్క్ తీసుకోవడానికి గుండె ధైర్యం కావాలంటారు గానీ, అది ఎంత అవసరమో నాకు తెలీదు. నాకు కావలసి వచ్చింది మాత్రం ఆ రెండో కాలమ్ చదవగలిగే ఓపిక.

ఇంకో సంగతి గట్టిగా చెప్పాలి. హెచ్‌వన్ మీద ఉన్న కుర్రవాళ్ళకి "దూకెయ్యండి" అని చెప్పడం అన్యాయం. ఉద్యోగం పోతే, మానేసినా సరే, వాళ్ళకి ఉన్నది మహా అయితే 60 రోజులు, ఆలోపు ఇంకో ఉద్యోగమో ఇంకో స్టేటస్సో చూసుకోవాలి, లేదా వెళ్ళిపోవాలి. ఇంట్లో పిల్లల స్కూళ్ళు, లీజు, కారు లోను అన్నీ ఆ 60 రోజుల మీదే నిలబడి ఉంటాయి. గ్రీన్‌కార్డు జేబులో పెట్టుకుని మనం స్టేజ్ మీద చెప్పే ధైర్యం కబుర్లు వాళ్ళ మీద మనకు తెలీకుండానే నింద వేసినట్టు అవుతాయి, వాళ్ళేదో పిరికివాళ్ళయినట్టు. పిరికితనం కాదది, బాధ్యత. అలాంటివాళ్ళు ఎవరైనా నన్ను అడిగితే నేను చేసిందే చెప్తా, కలని చిన్న సైజులో ముందు బతికి చూడమని. హెచ్‌వన్ మీద ఉండగానే ఆరేళ్ళు శనివారం పొద్దున లైబ్రరీలో పిల్లలకి జీతం లేకుండా లెక్కలు చెప్పా. వీసాకి అడ్డం లేని పని. అక్కడే తెలిసింది నాకు చెప్పడం ఎంత ఇష్టమో, నిజం చెప్పాలంటే పేపర్లు దిద్దడం ఎంత విసుగో కూడా. కల లోపల విసుగు కూడా ఉంటుందని ముందే తెలిస్తే తర్వాత మోసపోయామనిపించదు.

సర్టిఫికేషన్ అంతా సాఫీగానే జరిగింది, టెక్సస్‌లో డిగ్రీ ఉన్నవాళ్ళకి ఆల్టర్నేటివ్ దారి ఉంది, మన డిగ్రీ ఇవాల్యుయేషన్ చేయించుకుని, సబ్జెక్టు పరీక్ష పాసై, ఒక ఏడాది జీతంతోనే ఇంటర్న్‌గా పాఠం చెప్తూ పూర్తి చెయ్యొచ్చు. నలభై మూడేళ్ళ వయసులో పరీక్ష హాల్లో కూర్చోవడం కొంచెం బెరుగ్గా అనిపించింది, అంతే.

కష్టమంతా క్లాసులోనే. మొదటి రెండు నెలలు ఇంటికొచ్చి సోఫాలో షూస్‌తోనే నిద్రపోయేవాణ్ణి. తప్పు చేశానా అని చాలా రాత్రులు అనుకున్నా, ఒకసారి పైకి అనేశా కూడా. మా ఆవిడ ఓదార్చలేదు, "జూన్ దాకా చూద్దామని నోట్‌బుక్‌లో రాసుకున్నాం కదా, జూన్ రానీ" అంది. నిజంగానే రాసుకున్నాం, ఎప్పటిదాకా ప్రయత్నించాలో, ఎంత పోతే ఆపెయ్యాలో. ఆ ఒక్క లైన్ నన్ను ఆ ఏడాది గట్టెక్కించింది.

అక్టోబర్‌లో అనుకుంటా, తొమ్మిదో తరగతి పిల్లాడొకడు, లెక్కలంటే నాకు రాదని ముందే చేతులెత్తేసినవాడు, సగానికి మూడో వంతు కలిపి ఐదింట రెండు అని రాశాడు. పైవి పైవి, కిందవి కింద కలిపేశాడు. తప్పు అనబోయి ఆగా. చిన్నప్పుడు మా నాన్న ఇదే లెక్కకి క్లాసులో గోడ గడియారం దింపి బల్ల మీద పెట్టిన సంగతి గుర్తొచ్చింది. సగం గంట అంటే ఎన్ని నిమిషాలు అని అడిగా. ముప్ఫై అన్నాడు. మూడో వంతు గంట? కొంచెం ఆలోచించి ఇరవై. కలిపితే? యాభై. మరి నువ్వు రాసిన ఐదింట రెండు వంతుల గంట ఎన్ని నిమిషాలో చూడు అన్నా. వేళ్ళ మీద లెక్కపెట్టి ఇరవై నాలుగు అన్నాడు, అని తన పేపర్ వైపు చూసుకున్నాడు, "ముప్ఫైకి ఇరవై కలిపితే తగ్గిపోయిందేంటి" అని తనలో తనే గొణుక్కుని, నేనేమీ చెప్పకుండానే మొత్తం చెరిపేసి అరవైలో యాభై అని రాశాడు, దాన్ని తగ్గించి ఆరింట ఐదు.

ఆ రాత్రి నాన్నకి ఫోన్ చేశా, అక్కడ పొద్దున. నేను టీచర్ అయ్యానని చెప్పినప్పట్నుంచీ ఆయన దాని గురించి ఒక్క మాట మాట్లాడలేదు, ఆరోగ్యం, పిల్లలు, వాతావరణం, అంతే. గడియారం లెక్క సంగతంతా చెప్పా. అవతల్నించి చాలాసేపు శబ్దం లేదు, లైన్ కట్ అయిందేమో అనుకున్నా.

"క్లాసులో ఎంతమంది?" అన్నారు.

ఇరవై ఎనిమిది మంది నాన్నా అన్నా.

"నయమే, నాకు అరవై ఉండేవాళ్ళు. రేపేం చెప్తున్నావు?"

రేపు వాలు, అంటే స్లోప్, గ్రాఫ్ మీద గీత ఎంత నిటారుగా ఉందో కొలవడం అని చెప్పా. ఆయన కుర్చీ దగ్గరికి లాక్కున్న చప్పుడు వినిపించింది, "మెట్లతో మొదలుపెట్టు, ఒక్కో మెట్టు ఎంత పైకి, ఎంత ముందుకి అని పిల్లల్నే కొలవమను" అన్నారు, పక్కనున్న అమ్మతో కాఫీ తర్వాత తాగుతానులే అన్నారు, ఇంకో ముప్పావు గంట ఫోన్ పెట్టలేదు.