రెండు వచనాల ముందే బైబిలు మూసేస్తే ఎలా బ్రదర్?

ఈ మధ్య హైదరాబాద్ సంఘాల వాట్సాప్ గ్రూపుల్లో ఒక పొడవాటి మెసేజ్ తెగ తిరుగుతోంది. పైన ఎర్ర సైరన్ బొమ్మ, కింద "ప్రతి విశ్వాసికీ పంపండి" అని, మీకూ వచ్చే ఉంటుంది. అందులో చెప్పేది క్లుప్తంగా ఇది: సెప్టెంబరు వచ్చేసరికి కొన్ని చర్చిల్లో సృష్టి సంరక్షణ కోసం, వలస వచ్చినవాళ్ల కోసం విజ్ఞాపన ప్రార్థనలు పెడుతున్నారు, ఇది వాక్యం కాదు, రాజకీయం, పోప్ తెచ్చిన కొత్త బోధ. భూమిని దేవుడు మనకు ఏలుకోమని ఇచ్చాడు. అదెలాగూ కాలిపోతుంది. చెట్టు ఎవర్నీ రక్షించదు. బైబిల్లో నెహెమ్యా యెరూషలేముకు గోడ కట్టాడు కాబట్టి బయటివాళ్లను బయటే ఉంచడం దేవుని చిత్తం. ముందు మన ఇంటివాళ్లను చూసుకోవాలి. సంఘం పని ఆత్మల రక్షణ ఒక్కటే. ఇదంతా ఫోటోల కోసం.

మా గ్రూపులో దీని కింద ఆమెన్‌లు వరసగా పడ్డాయి. ఆమెన్ కొట్టినవాళ్లలో ఒక్కరైనా ఆ వచనాలు తీసి చూశారా అని నా అనుమానం, ఎందుకంటే ఈ మెసేజ్ రాసినాయన దాదాపు ప్రతిచోటా రెండు మూడు వచనాల ముందే బైబిలు మూసేశాడు.

ముందు ఆ పోప్ సంగతి తేల్చేద్దాం, అది చిన్నదే. సెప్టెంబరు 1ని సృష్టి కోసం ప్రార్థన దినంగా మొదట ప్రకటించింది 1989లో ఆర్థడాక్స్ సంఘాల పాట్రియార్క్, అంటే పెద్ద మతాధిపతి, మొదటి దిమిత్రియోస్. పోప్ ఫ్రాన్సిస్ క్యాథలిక్కులకు దాన్ని పెట్టింది 2015లో, అంటే పాతికేళ్ల తర్వాత. ఆ సెప్టెంబరు 1 నుంచి అక్టోబరు 4 దాకా, అంటే పాతకాలపు సాధువు అస్సీసీ ఫ్రాన్సిస్ పండుగ వరకు, చాలా ప్రొటెస్టెంటు సంఘాలు కూడా దీన్ని పాటిస్తున్నాయి. వలసల కోసం క్యాథలిక్కుల ప్రార్థన దినమైతే 1914 నాటిది, ఇప్పుడు సెప్టెంబరు ఆఖరి ఆదివారం వస్తుంది. నూరేళ్లు దాటినదాన్ని కొత్త బోధ అంటే ఎలా? సరే, పోప్ మాట మనకొద్దంటారా, వద్దు. వానల్లేక పంట ఎండిపోతుంటే పల్లెల్లో మన పాస్టర్లు ఉపవాస కూడికలు పెట్టి వాన కోసం ప్రార్థన చేయడం లేదా? అది సృష్టి కోసం ప్రార్థన కాక మరేమిటి? అప్పుడు ఎవరూ రాజకీయం అనలేదు.

ఇక "భూమిని లోపరచుకొనుడి, ఏలుడి" అన్న ఆదికాండము 1:28. మెసేజ్‌లో ఈ ఒక్క వచనం బోల్డ్‌లో పెట్టారు. 30వ వచనం దాకా వెళ్తే దేవుడు పచ్చని మొక్కల్ని భూజంతువులకూ పక్షులకూ పాకే ప్రతిదానికీ ఆహారంగా ఇచ్చాడని ఉంటుంది, అంటే అధికారం ఇచ్చిన నోటితోనే వాటి వాటా కూడా రాసిచ్చాడు. మరో పేజీ తిప్పితే 2:15లో నరుణ్ణి ఏదెను తోటలో పెట్టింది "సేద్యపరచుటకును దాని కాచుటకును". నిర్గమకాండము 23:10-11 చూడండి, ఏడో ఏడు భూమిని బీడుగా వదిలేయాలి, అందులో మొలిచింది బీదలు తినాలి, వాళ్లు తినగా మిగిలింది అడవి మృగాలు తినాలి. భూమి, పేదవాడు, జంతువు ముగ్గురూ ఒకే ఆజ్ఞలో ఉన్నారు. ఇవాళ దీన్ని ఎవరైనా యూత్ మీటింగ్‌లో చదివితే ఏ పార్టీ మనిషివని అడిగేలా ఉన్నారు.

అసలు ఈ మెసేజ్‌కు ఊపు వచ్చింది కంచ గచ్చిబౌలి దగ్గర అని నా ఊహ. 2025 మార్చి చివర హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ పక్కనున్న ఆ 400 ఎకరాల్లో బుల్డోజర్లు దిగినప్పుడు, నెమళ్ల అరుపుల వీడియోలు ఊరంతా చూసినప్పుడు కొన్ని యువజన కూడికల్లో దాని కోసం ప్రార్థించారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు చెట్లు కొట్టడం ఆపమంది. ప్రార్థన వల్లే ఆగిందని నేననను, విద్యార్థులు దెబ్బలు తిన్నారు, లాయర్లు వాదించారు. కానీ కళ్లెదురుగా అడవి పోతుంటే దేవుడితో ఆ మాట చెప్పుకోకూడదన్న రూలు ఎక్కడుందో నాకు తెలియదు. చెట్లకు మొక్కుతున్నారంటారు కొందరు. మొక్కడం లేదు, చెట్టు చేసినవాడికి మొక్కుతున్నారు. 148వ కీర్తనలో ఫలవృక్షాలను, దేవదారులను కూడా యెహోవాను స్తుతించమని పిలిచారు, వాటిని నరికేశాక స్తుతించేది ఎవరు?

"చెట్టు ఎవర్నీ రక్షించదు" అన్న లైను చదివి నాకు నవ్వొచ్చింది. హైదరాబాద్‌లో కూర్చుని ఈ మాట రాయడమా! 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలమంది కొట్టుకుపోయిన రోజున అఫ్జల్‌గంజ్‌లో ఒక చింతచెట్టు ఎక్కి సుమారు 150 మంది బతికారని ఈ నగరం ఇప్పటికీ చెప్పుకుంటుంది, ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఆ చెట్టు ఉంది, వెళ్లి చూడొచ్చు. పాపం నుంచి రక్షించేది యేసే, ఒప్పుకుంటాను. వరద నుంచి రక్షించడానికి ఆయన ఒక్కోసారి చింతచెట్టును వాడుకుంటే మనకేం అభ్యంతరం?

"ఎలాగూ కాలిపోతుంది" అనేది ఎక్కువమంది నిజంగా నమ్మే మాట కాబట్టి దీని మీద కొంచెం ఆగాలి. 2 పేతురు 3:10లో భూమి, దాని మీదున్న కృత్యాలు కాలిపోతాయని ఉంది, కాదనడం లేదు. ఆ తర్వాతి వచనంలోనే పేతురు, ఇవన్నీ లయమైపోతాయి కాబట్టి మీరు ఎంత పరిశుద్ధంగా, ఎంత భక్తిగా బతకాలో చూసుకోండి అంటాడు, కాబట్టి ఇష్టమొచ్చినట్టు వాడిపారేయండి అనడు. 13లో నీతి నివసించే క్రొత్త భూమి కోసం ఎదురుచూస్తున్నామంటాడు. పైన 6లో నోవహు కాలపు లోకం కూడా నీళ్లలో మునిగి నశించిందని గుర్తుచేస్తాడు. ఆ నాశనం ముంగిట దేవుడు నోవహుకు చెప్పిందేమిటి? ఎలాగూ మునిగిపోయేదే, జంతువుల సంగతి వదిలేయ్ అన్నాడా? ఓడ నిండా వాటినే ఎక్కించాడు, తర్వాత ఆదికాండము 9లో నిబంధన వాటితో కూడా చేశాడు. ఇంకో సంగతి, ఈ శరీరం కూడా ఒకరోజు మట్టిలో కలిసేదే కదా, అయినా పొద్దున్నే బీపీ మాత్ర మాత్రం మానం. ప్రకటన 11:18 కూడా ఒకసారి తీయండి, భూమిని నశింపజేసేవాళ్లకు తీర్పు ఉందని అక్కడ ఉంది. యేసు రెండో రాకడ గురించి గంటలకొద్దీ ప్రసంగాలు విన్నాను గానీ ఈ వచనం మీద ఒక్కటీ తగల్లేదు.

ఇప్పుడు గోడ. నెహెమ్యా గోడను ఇందులోకి లాగడం మన బుర్రకు తట్టిన ఆలోచన కాదు, అమెరికాలో సరిహద్దు గొడవల్లో పుట్టిన వాదాన్ని తెలుగులో దించి పంపారు, ఆ వాసన తెలుస్తూనే ఉంది. పోనీ ఆ పుస్తకమే చదువుదాం. నెహెమ్యా ఎవరు? షూషను కోటలో పరాయి రాజు దగ్గర గిన్నె అందించే ఉద్యోగి, పరదేశంలో బతికినవాడు. రెండో అధ్యాయంలో ప్రయాణానికి ముందు రాజును ఏమడిగాడు? దారిలో అధికారులు ఆపకుండా ఉత్తరాలు. మన భాషలో చెప్పాలంటే వీసా కాగితాలు. కలప కోసం ఇంకో ఉత్తరం అడిగాడు, రాజుగారి అడవులు కాచే ఆసాపు అనే అధికారి పేరు మీద. యెరూషలేము గోడ కట్టాలన్నా అడవి కాచేవాడి దగ్గరికి కాగితం తీసుకుని వెళ్లాల్సిందే అన్నమాట! గోడ కోసం ఈ పుస్తకం తెరిచినాయనకు అందులో వలసవాడు, అటవీ అధికారి ఎలా కనపడకుండా పోయారో.

వీసా అంటే గుర్తొచ్చింది. ఏ సంఘమైనా తీసుకోండి, కూకట్‌పల్లి నుంచి ఎల్బీనగర్ దాకా, ఆదివారం చదివే విజ్ఞాపనల చిట్టాలో సగం అవే: ఫలానా సిస్టర్ గారి అబ్బాయికి స్టూడెంట్ వీసా రావాలి, అల్లుడికి హెచ్1బీ రెన్యూ కావాలి, తమ్ముడికి సౌదీలో కఫీల్, అంటే పనిలో పెట్టుకున్న యజమాని, పాస్‌పోర్టు తిరిగివ్వాలి. చిల్కూరు బాలాజీ గుళ్లో వీసా ప్రదక్షిణలని జోకులేసేది కూడా మనమే. మన పిల్లాడు డల్లాస్‌లో దిగితే దేవుని కృప, ఝార్ఖండ్ పిల్లాడు లింగంపల్లిలో దిగితే రాజకీయం, ఇదెక్కడి లెక్క? జగిత్యాల, నిజామాబాద్ నుంచి గల్ఫ్‌కు, పాలమూరు నుంచి ముంబైకి మూటలు సర్దుకుని పోయినవాళ్ల బిడ్డలం మనం. సిటీలో ఏ సంఘం చూసినా గుంటూరు నుంచో మెదక్ నుంచో నల్గొండ నుంచో బతకడానికి వచ్చినవాళ్లే ఎక్కువ.

2020 మే 1 తెల్లవారుజామున లాక్‌డౌన్‌లో చిక్కుకున్న వలస కూలీలను ఇళ్లకు చేర్చే మొదటి శ్రామిక్ రైలు దేశంలో బయల్దేరింది మన లింగంపల్లి స్టేషన్ నుంచే, సుమారు 1200 మందిని ఎక్కించుకుని ఝార్ఖండ్‌లోని హటియాకు. వాళ్లెవరు? మన బిల్డింగులు కట్టేవాళ్లు. ఇంత పెద్ద ఊళ్లో వాళ్లు కట్టని అపార్ట్‌మెంటు ఏదో చెప్పండి.

మా చర్చి పక్కనే ఒక టవర్ లేస్తోంది. అక్కడ రేకుల గదుల్లో ఉండేవాళ్లు ఆదివారం పూట మా కాంపౌండ్ కుళాయి దగ్గరికి పాత పెయింటు డబ్బాలు కడిగి తెచ్చుకుని నీళ్లకు వస్తారు. క్యూ కడుతున్నారు, గేటుకు తాళం వేద్దాం అని కమిటీలో ప్రపోజల్ వచ్చింది. ఆ వారమే వాళ్లలో ఒకాయన డబ్బా కింద పెట్టి, చెప్పులు విడిచే చోటే నిలబడి, లోపల మేం పాడుతున్న పాటకు తన భాషలో గొంతు కలిపాడు. మాట ఒక్కటీ అర్థం కాలేదు, రాగం మాత్రం మాదే. అడిగితే ఝార్ఖండ్‌లో గుమ్లా వైపు వాళ్లమని, తాత కాలం నుంచి చర్చి కుటుంబమేనని చెప్పాడు. తాళం ప్రపోజల్ ఇంకా పెండింగ్‌లోనే ఉంది, అది వేరే కథ. అయితే ఆయన క్రైస్తవుడని తేలింది కాబట్టి నీళ్లివ్వాలని నేననడం లేదు, లేవీయకాండము 19:34 అలా అనలేదు కాబట్టి. "మీయొద్ద నివసించు పరదేశిని మీలో పుట్టినవానివలె ఎంచవలెను" అంది అంతే, ఏ సంఘమో అడగమనలేదు.

బాలాపూర్ వైపు గుడిసెల్లో ఉన్న రోహింగ్యాల పేరు చెప్పి కూడా భయపెడుతున్నారు. ఎవరికి పత్రాలున్నాయి, ఎవరికి లేవు అన్నది చూసుకోవడానికి ప్రభుత్వం ఉంది, కోర్టులున్నాయి. జ్వరం వచ్చిన పిల్లకు మాత్ర ఇవ్వడానికి, ప్రార్థనలో పేరెత్తడానికి ముందు ఆధార్ అడగమనే వచనం ఉంటే పంపండి, చదువుతాను. "పరదేశినై యుంటిని, నన్ను చేర్చుకొంటిరి" అన్న మత్తయి 25లో అయితే అలాంటి షరతు లేదు.

"ముందు మన ఇంటివాళ్లు" అంటూ 1 తిమోతి 5:8 పెట్టారు. అది పౌలు విధవరాళ్ల పోషణ గురించి రాసింది. రెండు వచనాలు కిందికి దిగితే, 10లో, సంఘం చిట్టాలో చేర్చాల్సిన విధవరాలికి ఉండాల్సిన అర్హతల్లో ఒకటి పరదేశులకు ఆతిథ్యం ఇచ్చి ఉండటం. ఇంతకంటే చెప్పక్కర్లేదు.

"ఆత్మల రక్షణ ఒక్కటే" అనేవాళ్లు క్రిస్మస్‌కు ఫ్యామిలీతో సెల్ఫీ దిగడానికి మెదక్ వెళ్తారు కదా. ఆ చర్చి ఎలా లేచింది? మిషనరీ పోస్నెట్ దొర కరువులో అల్లాడుతున్న జనానికి పని చూపించి తిండి పెట్టడం కోసం మొదలుపెట్టించిన కట్టడంగానే దాన్ని ఇప్పటికీ చెప్పుకుంటారు, 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ చేశారు. అన్నం పెట్టడం సువార్త కాదంటే ముందు ఆ గుడిలోకి అడుగుపెట్టడం మానాలి. ఒక భయం మాత్రం నిజమైనదే, ఈ రోజుల్లో మనం అన్నం పెట్టినా మతమార్పిడి అంటారేమోనన్నది. కరపత్రం లేకుండా పెట్టండి, సరిపోతుంది.

ఆఖరిది, "ఇదంతా ఫోటోల కోసం". ఈ ఒక్కటి నేను పూర్తిగా కొట్టిపారేయను. జూన్ 5న, పర్యావరణ దినోత్సవం రోజున, అందరం మొక్క పట్టుకుని ఫోటో దిగుతాం, వచ్చే వేసవికి ఆ గుంటలో కర్ర మిగులుతుంది. ప్రేమ విందు అయ్యాక చర్చి వెనక మోరీ చూడండి, థర్మకోల్ ప్లేట్లు, పప్పు అంటుకున్న గ్లాసులు, వాటర్ ప్యాకెట్లు, ఒకదాని మీద ఒకటి. సృష్టి కోసం ప్రార్థన చదివిన పిల్లే వాటిని అక్కడ పడేసింది, ఎందుకంటే డస్ట్‌బిన్ లేదు. దీన్ని బట్టి ప్రార్థన మానేయాలని మెసేజ్ అంటోంది. నేనైతే ఈ క్రిస్మస్‌కి టెంట్ హౌస్ నుంచి స్టీలు పళ్లేలు తెప్పించాలని, కడగడానికి మనిషిని పెట్టి కూలి ఇవ్వాలని కమిటీకి రాసిచ్చాను. ఖర్చెక్కువ అన్నారు. సౌండ్ సిస్టం బిల్లుతో పోల్చి చూడమన్నాను.